ఎవరి ఓడ?



పోచంపల్లికి సముద్రం చాలా దూరం. ఇక్కడ మగ్గాలున్నాయి, రంగు తొట్లున్నాయి, ఆరవేసిన నూలు ఉంది. ఓడ మాత్రం బొమ్మలోనే కనబడుతుంది. అయినా ఈ నెల మీకు ఓడల జెండాల సంగతి చెప్పబోతున్నాను. ఆ జెండాలకూ మన మగ్గాలకూ చుట్టరికం ఉన్నదని చివరకు మీరే అంటారు.

నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక పిల్లవాడు పుస్తకంలోని ఓడ బొమ్మను చూచి, "సార్, ఓడ ఒకటే కదా! దానికి ఇన్ని జెండాలెందుకు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు వినండి.

ఓడ వెనుక భాగాన ఎగిరేది దేశపు జెండా. ఆ ఓడ ఏ దేశంలో నమోదయిందో అది చెబుతుంది. ముందరి స్తంభం మీద, ఓడ ఏ దేశపు రేవుకు వచ్చిందో ఆ దేశపు జెండాను మర్యాదకోసం ఎగురవేస్తారు. పెద్ద స్తంభం కొసన ఎగిరేది ఓడ యజమాని జెండా. దానిని ఇంగ్లీషులో 'హౌస్ ఫ్లాగ్' అంటారు. అంటే 'ఇంటి జెండా' అన్నమాట. ఇక్కడ ఇల్లంటే మనం కాపురముండే ఇల్లు కాదు, వ్యాపార సంస్థ. మనం దానిని కంపెనీ జెండా అందాం.

ఈ జెండా అలంకారానికి పుట్టలేదు. టెలిగ్రాఫూ వైర్‌లెస్సూ లేని కాలంలో, రేవు విడిచిన ఓడ సంగతి నెలల తరబడి తెలిసేది కాదు. అప్పు చేసి సరుకు పంపిన వర్తకుడికి ఆందోళన. కొడుకును పంపిన తల్లికి అంతకన్న ఆందోళన. అందుకని ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవుకు ఎదురుగా బిడ్‌స్టన్ అనే కొండమీద 18వ శతాబ్దంలోనే వరుసగా స్తంభాలు పాతారు. దూరాన ఒక ఓడ కనబడగానే కాపలావాడు అది ఎవరిదో పోల్చుకొని, ఆ యజమాని జెండాను కొండమీద ఎగురవేసేవాడు. ఊళ్ళోని వర్తకుడు దానిని చూచి, "అమ్మయ్య, మన ఓడ వస్తున్నది!" అని రేవుకు పరుగెత్తేవాడు.

కనుక కంపెనీ జెండా ఒకే ఒక ప్రశ్నకు జవాబు. ఎవరి ఓడ? అంటే, ఈ సరుకుకు, ఈ మనుషులకు పూచీ ఎవరు?

ఇలాంటి జెండాలు అన్ని దేశాల కంపెనీలకూ ఉన్నాయి. జర్మనీవారివి చూస్తే ఎంతో కథ తెలుస్తుంది. జర్మనీకి ఉత్తరాన హాంబర్గు, బ్రెమెన్ అనే రెండు రేవు పట్టణాలున్నాయి. రెండూ పాత పోటీదారులే.

బ్రెమెన్‌లో 1857లో 'నార్డ్ డాయిషర్ లాయిడ్' అనే కంపెనీ పుట్టింది. దాని జెండా తెల్లనిది. మధ్యన నీలంరంగులో ఒక లంగరూ ఒక తాళంచెవీ ఒకదానిమీద ఒకటి ఏటవాలుగా ఉంటాయి. వాటిమీద ఓకుచెట్టు ఆకుల దండ ఉంటుంది. లంగరు సరే, తాళంచెవి ఎందుకు? బ్రెమెన్ నగరపు ముద్రలోనే తాళంచెవి ఉంది. జెండాను చూడగానే ఊరు తెలిసిపోతుంది.

హాంబర్గులో అంతకు పదేళ్ళ ముందే, 1847లో, ఇంకొక కంపెనీ వెలిసింది. దాని పూర్తి పేరు పలకాలంటే నాలుక తిరగదు. అందుచేత పేరులోని మాటల మొదటి అక్షరాలు ఐదింటిని కలిపి అందరూ 'హాపాగ్' అన్నారు. దాని జెండాను గుణకారపు గుర్తులాగా మూల నుంచి మూలకు గీత గీసి నీలం, తెలుపు రంగుల త్రికోణాలుగా విడదీశారు. మధ్యన నల్లని లంగరు, దానిమీద పసుపుపచ్చని డాలు, డాలుమీద ఆ ఐదు అక్షరాలు.

హాంబర్గులోనే లైస్ అనే కుటుంబానికి తెరచాప ఓడలుండేవి. వారి జెండా మరీ సాదా. తెల్లని గుడ్డమీద రెండు ఎర్రని అక్షరాలు, అంతే. కాని వారి ఓడలను పేరుతోనే గుర్తు పట్టవచ్చు. యజమాని భార్య ఉంగరాల జుట్టును చూచి ఇంటివారు ఆమెను 'పూడెల్' అని ముద్దుగా పిలిచేవారట. పూడెల్ అంటే బొచ్చు వంకీలు తిరిగిన ఒక జాతి కుక్క. 1857 ప్రాంతంలో ఒక కొత్త ఓడకు ఆ పేరే పెట్టారు. తరువాతి ఓడలకు కూడా ఆ మొదటి అక్షరంతోనే పేర్లు పెట్టడం ఆచారమయింది. పొటోసీ, ప్రాయిసెన్, పాసాట్, పెకింగ్. ఈ ఓడలు దక్షిణ అమెరికా కొనను చుట్టి చిలీదేశం నుంచి సూరేకారం తెచ్చేవి. 'పెకింగ్' ఓడను బాగుచేసి 2020లో హాంబర్గుకు చేర్చారు.

ఇప్పుడు మగ్గం దగ్గరకు వద్దాం.

జెండా తయారు చేసేవాడికి ఒక చిక్కు ఉంది. గోడకు తగిలించిన పటాన్ని ఒకవైపు నుంచే చూస్తాం. జెండాను రెండువైపుల నుంచీ చూస్తారు. ఒకే వైపు అద్దకం వేసిన గుడ్డ వెనుకవైపు వెలవెలబోతుంది. అందుకని పూర్వం పలచని ఉన్నిగుడ్డలో రంగురంగుల ముక్కలు కోసి, అంచులు కలిపి కుట్టి జెండాలు చేసేవారు. అప్పుడు ఏ రంగు ముక్క అయినా రెండువైపులా ఒకటే. అక్షరాలతో మాత్రం తంటా తప్పదు. వెనుకనుంచి చూస్తే అవి తిరగబడతాయి. లంగరుకూ తాళంచెవికీ ఆ బాధ లేదు.

పోచంపల్లి నేతగాళ్ళు ఈ చిక్కును మరొక విధంగా విడదీశారు. మన చిటికి పనిలో గుడ్డ నేసిన తరువాత రంగు వేయరు. ముందే పడుగు నూలుకో పేక నూలుకో, లేక రెంటికీనో, లెక్క ప్రకారం కట్లు కడతారు. తరువాత రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు పట్టదు. ఆ నూలును మగ్గం మీద నేస్తుంటే బొమ్మ దానంతట అదే తేలుతుంది. దారమే రంగు తాగింది కనుక గుడ్డకు తప్పు వైపు, ఒప్పు వైపు అన్నమాట లేదు. ఇంట్లో పోచంపల్లి చీర ఉంటే తిరగవేసి చూడండి.

ఆ రంగు ఎక్కడనుంచి వచ్చేది? పూర్వం మన తీరప్రాంతంలో ఎరుపుకు చిరివేరు, నీలానికి నీలిమందు మొక్క ఆధారం. 1868లో ఇద్దరు జర్మను రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబే, లీబర్మన్ అనేవారు ఎర్రరంగు నిచ్చే అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి కూడా అమ్మకానికి వచ్చింది. ఈ రంగులు చౌక. ఓడలకెక్కి దేశదేశాలకు వెళ్ళాయి. మన దేశంలో నీలి పంట దెబ్బతిన్నది. తేలియా రుమాళ్ళ ఎరుపుకు కూడా అలిజరినే ఆధారమయింది. లంగరు గుర్తు జెండా ఎన్నడూ చూడని ఊళ్ళలో, ఆ దేశపు రంగు తొట్టిలోకి చేరింది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం సముద్రపు దారులు మూసివేసింది. జర్మను వర్తక ఓడలు కొన్ని పట్టుబడ్డాయి, కొన్ని తటస్థ దేశాల రేవుల్లో తలదాచుకున్నాయి. మన దేశానికి జర్మను రంగులు రావడం ఆగిపోయి, ఉన్న రంగుల ధర ఆకాశానికంటింది. అమెరికాలో కూడా రంగుల కరువే. అప్పుడు బ్రెమెన్ వర్తకులు, నార్డ్ డాయిషర్ లాయిడ్ వారితో కలిసి, ఒక విచిత్రమైన పని చేశారు. సరుకులు మోసే జలాంతర్గామిని కట్టించారు! దాని పేరు 'డాయిచ్‌లాండ్'. 1916 జూలైలో అది శత్రువుల కంటబడకుండా అట్లాంటిక్ దాటి అమెరికాలోని బాల్టిమోర్ చేరింది. అందులోని సరుకు ముఖ్యంగా రంగులే. పదిమందికి కనబడాలని జెండా ఎగురవేసినవారే, కనబడకుండా నీటి అడుగున ప్రయాణం చేయవలసివచ్చింది. యుద్ధం చేసే పని ఇదే.

ఓడిపోయిన జర్మనీ 1919 సంధి ప్రకారం తన పెద్ద వర్తక ఓడలన్నిటినీ అప్పగించింది. కంపెనీలకు జెండాలు మిగిలాయి, వాటిని ఎగురవేయడానికి ఓడలు లేవు. మళ్ళీ కష్టపడి కట్టుకున్నారు.

హాపాగ్ ఓడల్లో ఒక దాని సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి. ఆ ఓడ పేరు 'సెయింట్ లూయిస్'. 1939 మే 13న అది 937 మంది ప్రయాణికులతో హాంబర్గు నుంచి క్యూబా దేశానికి బయలుదేరింది. వారిలో దాదాపు అందరూ హిట్లర్ ప్రభుత్వపు హింస భరించలేక ఇల్లూ వాకిలీ విడిచిన యూదులు. కెప్టెన్ గుస్టావ్ ష్రోడర్ జర్మనే. "వీరు మన ప్రయాణికులు. అందరిలాగే మర్యాదగా చూడాలి" అని తన సిబ్బందికి గట్టిగా చెప్పాడు. క్యూబా ఇరవై ఎనిమిది మందినే దిగనిచ్చింది. అమెరికా కూడా తలుపు తెరవలేదు. ఓడ వెనుదిరిగింది. తన ప్రయాణికులను తిరిగి జర్మనీలో దించడం కెప్టెన్‌కు ఇష్టం లేదు. చివరకు బ్రిటన్, ఫ్రాన్సు, బెల్జియం, హాలెండు వారిని పంచుకోవడానికి ఒప్పుకున్నాయి. జూన్ 17న ఓడ బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవు చేరింది. తరువాత హిట్లర్ సేనలు బ్రిటన్ తప్ప మిగిలిన మూడు దేశాలను కూడా ఆక్రమించగా, వారిలో 254 మంది చనిపోయారు. మిగిలినవారిలో చాలామంది బ్రతికి, ఆ కెప్టెన్ పేరు తలచుకున్నారు.

ఆ ఓడమీద దేశపు జెండా ఉంది, కంపెనీ జెండా ఉంది. కాని 'పూచీ ఎవరు?' అన్న ప్రశ్నకు 'నేను' అన్నది ఒక మనిషి.

మన తీరానికి వద్దాం. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి వేలమంది తెలుగువారు కూలికోసం రంగూను వెళ్ళేవారు. కోరంగి రేవు పేరుమీద బర్మాలో వారిని 'కోరంగీలు' అన్నారు. వారిని తీసుకుపోయే ఓడల్లో ముఖ్యమైనవి బ్రిటిష్ ఇండియా కంపెనీవి. 1856లో పుట్టిన ఆ కంపెనీ జెండా తెల్లనిది, కొసన చేపతోకలాగా చీలి ఉంటుంది. మధ్యన ఎర్రని గుణకారపు గుర్తు. నల్లని పొగగొట్టానికి రెండు తెల్లని పట్టీలు. చదువురాని కూలీకి కూడా ఆ గుర్తు చదవడం కష్టం కాదు. కాని ఓడ తనవారిది కాదు, రేవు తనవారిది కాదు.

ఆ లోటు తీర్చాలని కొందరు భారతీయులు సింధియా కంపెనీ పెట్టారు. 1919 ఏప్రిల్ 5న వారి ఓడ 'లాయల్టీ' బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. అందుకే ఏప్రిల్ 5ను మనం జాతీయ నౌకాయాన దినంగా జరుపుకుంటున్నాం. ఆ కంపెనీవారే విశాఖపట్నంలో ఓడల కర్మాగారం పెట్టారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ దానికి శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న అక్కడ కట్టిన 'జల ఉష'ను జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోకి విడిచారు. తరువాతి ఓడ 'జల ప్రభ'. హాంబర్గులో ఒక అక్షరం చేసిన పనిని, విశాఖలో 'జల' అన్న మాట చేసింది. ఆ కర్మాగారమే 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది.

ఇప్పుడు సింధియా ఓడలు సముద్రంలో లేవు. బ్రిటిష్ ఇండియా కంపెనీ లేదు. బ్రెమెన్, హాంబర్గు పోటీదారులిద్దరూ 1970లో కలిసిపోయి 'హాపాగ్ లాయిడ్' అయ్యారు. ఓడలు పాతబడతాయి, మునుగుతాయి, చేతులు మారతాయి. పేరు నిలవాలంటే మాత్రం ఒక్కటే దారి. ఆ గుర్తును నమ్మి వచ్చినవారిని మోసం చేయకపోవడం.

పోచంపల్లి చిటికి వస్త్రానికి కూడా ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ పేరుతో అచ్చు వేసిన నకిలీ గుడ్డ అమ్మితే, పోయేది కొన్నవారి డబ్బు ఒక్కటే కాదు, నేసినవారి పేరు కూడా.

ఒక పని చేయండి. కాగితంమీద మీ ఇంటికి ఒక జెండా గీయండి. రంగులు రెండో మూడో చాలు. దూరంనుంచి చూచినా తెలియాలి, వెనుకనుంచి చూచినా తెలియాలి. అక్షరాలు వద్దు. గీసిన తరువాత అమ్మనూ నాన్ననూ అడగండి. "ఈ జెండా చూచి వచ్చినవారికి మనం దేనికి పూచీ?" జెండా గీయడం సులువు. వారు చెప్పే జవాబును కాగితం వెనుక వ్రాసి పెట్టుకోండి. రెండువైపులా ఒకటిగా ఉండేదే మంచి జెండా.