పెద్ద టైర్లకు చోటు: బాడీ లిఫ్టా, మరో మార్గమా?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వరకు మామూలు టైర్లు చాలు. అహోబిలం నుంచి నల్లమలలో పావన నరసింహస్వామి గుడికి వెళ్లే జీపు బాట వేరు. అలాంటి బాటలో రాయి ముందుగా తగిలేది ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్‌కే. పెద్ద టైర్ల ఆలోచన అక్కడే పుడుతుంది.

ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మెలు పెట్టి, పొడవాటి బోల్టులతో బిగించడమే బాడీ లిఫ్ట్. బొలెరో, థార్ వంటి విడి ఛాసిస్ వాహనాలకే ఇది కుదురుతుంది. ఖర్చు తక్కువ. అయితే ఒకటి గమనించండి: బాడీని 50 మి.మీ. లేపినా డిఫరెన్షియల్ కింద ఒక్క మి.మీ. కూడా పెరగదు. సస్పెన్షన్ లిఫ్ట్ ఛాసిస్‌నూ లేపుతుంది గానీ, గట్టి ఇరుసును లేపదు. దాన్ని లేపేది టైరే. అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకే. 235/70 ఆర్16 బదులు 245/75 ఆర్16 వేస్తే వ్యాసం సుమారు 38 మి.మీ. పెరుగుతుంది, ఇరుసు కింద దక్కేది 19 మి.మీ.

ఇంత మాత్రానికి, టైరు రాసుకునే చోట మడ్‌గార్డ్ లోపలి అంచు కత్తిరిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఎత్తు పెంచితే బరువు పైకి చేరి, మలుపుల్లో బండి ఒరుగుతుంది. జనాన్ని ఎక్కించే జీపుకు ఇది చిన్న విషయం కాదు. టైరు మారాక స్పీడోమీటర్ 60 చూపితే అసలు వేగం 63. తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెడుతుంది. కత్తెర పట్టేముందే రవాణా కార్యాలయంలో అడగాలి.