నాలుగు మలుపుల వెలుగు

పక్షిని పోల్చుకోవడంలో బైనాక్యులర్ విలువ చిన్న గుర్తుల దగ్గరే తెలుస్తుంది. కొల్లేటిలో నిలబడ్డ పెద్ద తెల్లకొంగ, మధ్యరకం తెల్లకొంగ దూరానికి ఒకేలా ఉంటాయి. నోటి మూల నుంచి వెళ్లే గీత పెద్దకొంగకు కంటిని దాటి వెనక్కి సాగుతుంది. మధ్యరకానికి కంటి కిందే ఆగిపోతుంది. ఆ గీత దూరం నుంచి ఉత్త కంటికి అందదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇలాంటి తేడాలు తేల్చడానికి శాస్త్రజ్ఞులు పక్షిని తుపాకీతో కొట్టి చేతిలోకి తీసుకునేవారు. అమెరికాలో ఫ్లోరెన్స్ మెరియమ్ 1889లో రాసిన పుస్తకం నాటకశాలల్లో వాడే చిన్న దుర్భిణితో పక్షులను చూడడం నేర్పింది.

ఆ దుర్భిణిలో కంటివైపు పుటాకార కటకం ఉంటుంది. బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది. కానీ మూడు నాలుగు రెట్లకు మించితే కనిపించే మేర బాగా కుంచించుకుపోతుంది. కొమ్మ మారిన పిట్టను మళ్లీ పట్టుకోవడం కష్టం. రెండు చివరలా కుంభాకార కటకాలు పెడితే మేర విశాలమవుతుంది, బొమ్మ మాత్రం తలకిందులై, కుడి ఎడమలు తారుమారవుతాయి. ఇంకొన్ని కటకాలతో దాన్ని సరిచేయబోతే గొట్టం మరీ పొడుగవుతుంది.

ఈ చిక్కుకు ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో పేటెంట్ పొందిన అమరికే విరుగుడు. అందులో ఉన్నవి లంబకోణ త్రిభుజాకారపు గాజు పట్టకాలు. వెలుగు పట్టకం పెద్ద ముఖం గుండా నేరుగా లోపలికి వెళ్లి, వాలు ముఖాన్ని 45 డిగ్రీల కోణంలో తాకుతుంది. మామూలు గాజుకు సందిగ్ధ కోణం సుమారు 41 డిగ్రీలు. పతన కోణం అంతకన్నా ఎక్కువైతే వెలుగు గాజు దాటి బయటికి పోలేదు. సంపూర్ణాంతర పరావర్తనం చెంది మొత్తం వెనక్కి మళ్లుతుంది. వెండిపూత అద్దం సైతం కొంత వెలుగును మింగేస్తుంది. పూతేదీ లేని ఈ గాజు ముఖం దాదాపు ఏమీ మింగదు! రెండో వాలు ముఖం దగ్గరా అదే జరిగి, వెలుగు వచ్చిన వైపే తిరిగి వెళ్తుంది. మొదటిదానికి అడ్డంగా తిప్పిపెట్టిన రెండో పట్టకం దాన్ని అందుకుని మళ్లీ ముందుకు పంపుతుంది. ఒక పట్టకం పైకిందులను, మరొకటి కుడి ఎడమలను సరిచేస్తాయి. నాలుగు పరావర్తనాలతో బొమ్మ నిటారవుతుంది. వెలుగు దారి మడతపడడంతో గొట్టమూ పొట్టిదవుతుంది. ఒకే ఎత్తుకు రెండు చిక్కులూ విడిపోవడమే ఈ అమరికలోని అందం.

దీనికి తగిన గాజు ఒట్టో షాట్ కృషితో జర్మనీలోని యేనాలో తయారైంది. అక్కడే ఎర్నెస్ట్ ఆబె, పోరో పని తెలియకుండానే ఇదే అమరికకు చేరుకున్నాడు. పట్టకాల అమరికకు పోరో అప్పటికే పేటెంట్ పొంది ఉండడంతో, వస్తుకటకాలను కళ్లకన్నా ఎడంగా ఉంచే పద్ధతికి ఆబె పేటెంట్ దక్కింది. ఆ ఎడం వల్ల ముందున్న పిట్టకూ వెనకున్న కొమ్మకూ మధ్య లోతు మరింత బాగా తెలుస్తుంది. యేనాలోని జైస్ కంపెనీ 1894లో ఈ బైనాక్యులర్లను అమ్మకానికి పెట్టింది.

దీనికి పోటీగా వచ్చింది సన్నని, తిన్నని గొట్టాల్లో ఇమిడే పైకప్పు పట్టకం. ఇంటికప్పులా 90 డిగ్రీల కోణంలో కలిసే రెండు ముఖాల దగ్గర వెలుగు రెండు పాయలవుతుంది. ఆ తరంగాల దశల్లో తేడా వచ్చి సన్నని వివరాలు మసకబారతాయి. 1988లో జైస్ తెచ్చిన దశ సవరణ పూత ఆ లోపాన్ని తీర్చింది. అంతకుముందే 1935లో, అదే సంస్థలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా పరావర్తన నిరోధక పూతను కనుగొన్నాడు. పూత లేని గాజు, గాలి కలిసే ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుగు వృథా అవుతుంది.

నేటి పక్షి పరిశీలకులు ఎక్కువగా ఎంచుకునేది 8×42 రకం. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే ఈ బైనాక్యులర్ వస్తుకటకం వ్యాసం 42 మిల్లీమీటర్లు. కంటిలోకి వచ్చే వెలుగు కట్ట వ్యాసం 5.25 మిల్లీమీటర్లు. వెలుతురు తక్కువగా ఉండే తెల్లవారుజామున కొంగ నోటి గీతను చూడడానికి అది సరిపోతుంది.