నడికడలిలో బింగో

విహారనౌక రేవు విడిచి నడిసముద్రము చేరిన దినమున ప్రయాణికులకు చేయవలసిన పని ఏదియు ఉండదు. నలువైపుల నీరే గాని దిగి చూడవలసిన ఊరు లేదు. ఇట్టి దినములలో, ఉదయపు ఫలాహారమో మధ్యాహ్న భోజనమో ముగిసిన పిదప, నౌకయందలి మైకులలో ఒక ప్రకటన వినవచ్చును. మరికొంతసేపటిలో పెద్దహాలులో బింగో ఆట ప్రారంభమగుననియు, కార్డుల అమ్మకము అప్పుడే మొదలైనదనియు దాని సారాంశము. చూచుచుండగనే హాలు నిండును. వృద్ధ దంపతులు, కొత్తగా పెండ్లియైన వారు, మనుమలను వెంటబెట్టుకొని వచ్చిన తాతలు, ఒకరినొకరు ఎరుగని వందలమంది కార్డులు ముందు పెట్టుకొని, చెవులు రిక్కించి కూర్చుందురు.

ఈ ఆటలో నేర్పునకు చోటు లేదు. చదరంగమున వలె ఎత్తులు లేవు. పేకాటలో వలె పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొను శ్రమ లేదు. పిలిచిన అంకెను వినుట, అది తన కార్డుమీద ఉన్నచో గుర్తు పెట్టుట, ఇంతే పని. అయినను జనులు డబ్బు చెల్లించి ఆడుదురు. ఆ డబ్బుతో వారు కొనుచున్నది గెలుపా, గెలుపుమీది ఆశయా, లేక ఒక గంట కాలక్షేపమా? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసి ఆడువానికి బింగో ఒక ముచ్చటైన వినోదము. తెలియక ఆడువానికి చేతి చమురు వదలును. కావున ఈ ఆట పుట్టుపూర్వోత్తరములను, అందు దాగియున్న లెక్కను కొంత వివరింపదలచితిమి.

ఈ ఆటకు పుట్టినిల్లు ఇటలీ. 16వ శతాబ్దమున జెనోవా నగరమందు పాలకసభ్యులను పేర్ల చీట్లు తీసి ఎన్నుకొను ఆచారము ఉండెడిది. ఏ అయిదుగురి పేర్లు వచ్చునోయని జనులు పందెములు కాయసాగిరి. క్రమముగా పేర్లు పోయి వానికి బదులు అంకెలు వచ్చినవి. 1 మొదలు 90 వరకు గల అంకెలతో 'లోట్టో' అను పందెము స్థిరపడినది. నేపుల్సు నగరమున ఇదియే ఇంటి ఆటగా మారి, 'టోంబొలా' అను పేర క్రిస్మసు దినములలో కుటుంబమంతయు కూడి ఆడు వేడుక యైనది. నేటికిని ఇటలీ గృహములలో అది నిలిచియున్నది.

మన క్లబ్బులలోను, కాలనీ సంఘముల వేడుకలలోను ఆడు టాంబోలాకు ఆ పేరు అక్కడినుండి వచ్చినదే. అయితే అది మనకు నేరుగా ఇటలీనుండి రాలేదు. బ్రిటిషు సైనికుల వెంట, కంటోన్మెంటుల మీదుగా వచ్చినది. బ్రిటిషు నౌకాదళము వారు దీనిని టాంబోలా అనియు, భూసైన్యము వారు 'హౌస్' అనియు పిలిచిరి. మనవారు హౌసీ యనుట అందువలననే. డబ్బు పెట్టి ఆడు తక్కిన ఆటలను నిషేధించిన సైన్యము దీనినొక్కదానిని అనుమతించినది. నేర్పరియైనవాడు అమాయకుని దోచుకొనుటకు ఇందు వీలు లేదు. సేనానికైనను సిపాయికైనను అంకె ఒక్కటే. వారముల తరబడి సాగిన సైనికనౌకల ప్రయాణములలో ఈ ఆట విసుగును పోగొట్టు సాధన మైనది. బింగోకు ఓడతో గల చుట్టరికము ఈనాటిది కాదని దీనివలన తెలియుచున్నది.

అమెరికాలో ఈ ఆట మరియొక రూపము దాల్చినది. 1929లో ఎడ్విన్ లో అను బొమ్మల వర్తకుడు జార్జియా రాష్ట్రమున ఒక సంతలో దీనిని చూచెననియు, అక్కడ కార్డుమీద చిక్కుడు గింజలు పెట్టి ఆడుచు, 'బీన్' అనగా చిక్కుడు గింజ గనుక, 'బీనో' అని కేక వేయుచుండిరనియు చెప్పుదురు. న్యూయార్కులో తన మిత్రులతో ఆడించినపుడు ఒకామె ఆత్రమున తడబడి 'బింగో' అని అరచెననియు, ఆ పేరే నిలిచినదనియు కథ.

బింగో ఓడలలో ఇంతగా వ్యాపించుటకు కారణము విమానము. పూర్వము ఖండాంతరములకు పోవువారికి ఓడ తప్ప గతి లేదు. 1958లో అట్లాంటికు మహాసముద్రము మీద జెట్ విమానములు ప్రయాణికులను తీసికొనిపోవ మొదలిడెను. ఆరేడు దినముల ప్రయాణము ఆరేడు గంటలలో ముగియుచుండగా ఓడ ఎక్కువారెవరు? అప్పుడు ఓడల కంపెనీలు తమ వ్యాపారమును మార్చుకొనెను. గమ్యము కొరకు ఓడ ఎక్కువారు పోయి, ఓడ కొరకే ఓడ ఎక్కువారు వచ్చిరి. అమెరికాలోని మయామీ రేవునుండి కరీబియను ద్వీపములను చుట్టివచ్చు విహారయాత్రలు 1970 తరువాత మిక్కిలి పెరిగినవి. ఇట్టి యాత్రలో టికెట్టు ధరయే కంపెనీకి వచ్చు ఆదాయము కాదు. ఓడ ఎక్కిన పిదప ప్రయాణికుడు పానీయములకు, దుకాణములకు, జూదశాలకు, బింగోకు పెట్టు ఖర్చు ఆదాయములో గొప్ప భాగము. కావున సముద్రదినపు బింగో కేవలము ఆతిథ్యము కాదు. అది ఒక అంగడి కూడ.

ఇక ఆడు విధానము. అమెరికను పద్ధతి కార్డులో అడ్డమునకు అయిదు, నిలువునకు అయిదు చొప్పున 25 గడులు ఉండును. నిలువు వరుసల తలలమీద బి, ఐ, ఎన్, జి, ఓ అను అక్షరములుండును. మొదటి వరుసలో 1 మొదలు 15 లోపలి అంకెలు, రెండవదానిలో 16 మొదలు 30 లోపలివి, ఈ క్రమమున చివరి వరుసలో 61 మొదలు 75 లోపలివి ఉండును. నట్టనడిమి గడి ఉచితము. తక్కిన 24 గడులలో అంకెలుండును. అంకె వేసిన 75 బంతులను గాలి చిమ్ము యంత్రములో ఎగురవేసి, ఒక్కొక్కటిగా పైకి వచ్చినదానిని బిగ్గరగా చదువుదురు. బ్రిటిషు పద్ధతిలో అంకెలు 90. టికెట్టుమీద మూడు అడ్డువరుసలు, వరుసకు అయిదు చొప్పున 15 అంకెలు. ఈ పద్ధతిలో అంకెలకు ముద్దుపేర్లు కూడ కలవు. 11ను రెండు కాళ్లతో, 88ను ఇద్దరు స్థూలకాయలతో, 22ను రెండు చిన్న బాతులతో పోల్చి పిలుచుదురు.

ఒక వరుస నిండినవారికి చిన్న బహుమతి, కార్డంతయు నిండినవారికి పెద్ద బహుమతి. నిండినవారు మరుసటి అంకె పిలువక మునుపే 'బింగో' అని కేక వేయవలెను. పరధ్యానమున ఉన్నవారికి బహుమతి దక్కదు. కేక విన్నంతనే ఆట ఆపి, కార్డు సంఖ్యను బట్టి సరిచూతురు. తొందరపడి తప్పుగా అరచినవారిని చూచి హాలంతయు నవ్వును.

రేవులో నిలిచియున్నపుడు ఈ ఆట సాధారణముగా జరుగదు. ప్రయాణికులు ఊరు చూడ దిగిపోవుట ఒక కారణము. రెండవది చట్టము. 1982 నాటి సముద్రశాసన ఒడంబడిక ప్రకారము తీరదేశపు అధికారము 12 నాటికల్ మైళ్ల వరకు, అనగా సుమారు 22 కిలోమీటర్ల వరకు వ్యాపింపవచ్చును. జూదమును గూర్చి ఒక్కొక్క దేశమున ఒక్కొక్క నియమము. మహాసముద్రమున ఓడ ఏ దేశపు జెండా ఎగురవేయుచున్నదో ఆ దేశపు చట్టము ప్రధానము. అందువలననే తీరము కనుమరుగైన పిదప జూదశాల తలుపులు తెరచుకొనును.

ఇప్పుడు అసలైన విషయమునకు వచ్చుచున్నాము. అనేక విహారనౌకలలో యాత్ర పొడుగున పెరుగుచు వచ్చు ఒక పెద్ద బహుమతి ఉండును. ఇన్ని అంకెలు పిలుచులోపల కార్డంతయు నింపినవారికే అది దక్కునని హద్దు పెట్టుదురు. ఎవరును నింపకున్న ఆ మొత్తము మరుసటి ఆటకు చేరును. 'యాభయి అంకెలలో నింపిన చాలు' అని విన్నపుడు అది సులభమే యనిపించును. 75లో 50 అనగా మూడింట రెండు పాళ్లు గదా! కాని లెక్క వేరుగా చెప్పుచున్నది. ఒక కార్డు 50 అంకెలలోపల నిండుటకు గల అవకాశము సుమారు 2,12,000లో ఒకటి. హాలులో 200 కార్డులు అమ్ముడుపోయినను, వేయి ఆటలకు ఒకమారు మాత్రము ఎవరో ఒకరు గెలుతురు. హద్దును 55కు పెంచినచో ఒక కార్డుకు అవకాశము సుమారు 10,400లో ఒకటి. 60కి పెంచినచో సుమారు 715లో ఒకటి. అప్పుడు 200 కార్డులున్న హాలులో దాదాపు నాలుగు ఆటలకు ఒకమారు బహుమతి పడును. పది అంకెల తేడాలో అవకాశము మున్నూరు రెట్లు పెరిగినది. బహుమతి ఎప్పుడు పడవలెనో నిర్ణయించునది నిర్వాహకులు పెట్టిన హద్దు. ఎవరికి పడవలెనో నిర్ణయించునది మాత్రమే అదృష్టము.

ఇందు మనస్సును మోసగించు అంశము మరియొకటి కలదు. 'అయ్యో, ఒక్క అంకె తక్కువైనది!' అను మాట ప్రతి ఆట చివరను హాలులో పది చోట్ల వినబడును. అన్నవారందరును తాము గెలుపు గడప దాక వచ్చితిమనియు, మరుసటి ఆటలో తప్పక దక్కుననియు భావింతురు. మరల కార్డు కొందురు. కాని 60 అంకెలు పిలిచిన సమయమున నిండిన కార్డు ఒకటికి, ఒక్క అంకె తక్కువైన కార్డులు సగటున పది ఉండును. 50 అంకెల వేళ నిండిన కార్డు ఒకటికి అట్టివి ఇరువదిరెండు. కావున ఒక్క అంకెలో తప్పిపోవుట అదృష్టము దగ్గరకు వచ్చుచున్నదనుటకు గుర్తు కాదు. అది ఆట నిర్మాణములోనే ఉన్న సర్వసాధారణ విషయము. బంతులకు జ్ఞాపకము లేదు. నిన్న ఎంత చేరువకు వచ్చితివని అవి నేడు విచారింపవు.

ఎక్కువ కార్డులు కొన్న మేలు కాదా యని కొందరు అడుగవచ్చును. ఇప్పుడు కొన్ని నౌకలలో చేతిలో ఇమిడెడు విద్యుత్ పరికరములను అద్దెకిచ్చుచున్నారు. అవి పదులకొలది కార్డులను తామే చూచుకొని తామే గుర్తులు పెట్టును. ఒక ఉదాహరణము తీసికొందము. పది డాలర్ల చొప్పున నూరు కార్డులు అమ్మి వేయి డాలర్లు కూడబెట్టి, అందు ఆరువందలు బహుమతిగా పంచిరనుకొందము. అప్పుడు పది డాలర్ల కార్డు సగటు విలువ ఆరు డాలర్లు. ఒక కార్డు కొన్నవానికి సగటున నాలుగు డాలర్ల నష్టము. పది కార్డులు కొన్నవానికి గెలుచు అవకాశము పది రెట్లు, నష్టము నలుబది డాలర్లు. పైగా పరికరమే అంతయు చేయుచున్నపుడు వినుటలోని ఆనందము కూడ పోవును. డబ్బు ఎక్కువ, ఆట తక్కువ!

ఒక్క సందర్భము మాత్రము కొంత భిన్నము. యాత్ర ముగియు దినమున, పెరిగిన బహుమతిని ఎవరో ఒకరు గెలుచువరకు అంకెలు పిలుతురు. అనగా ముందుదినముల వారు చెల్లించిన డబ్బు కూడ ఆనాటి ఆటగాండ్రకు పంచబడును. లెక్క ప్రకారము ఒక్క కార్డు కొనదలచినవారు ఆ దినమున కొనుటయే మేలు. అయితే ఆనాడు హాలు కిక్కిరిసియుండును గనుక ఆశను హద్దులో ఉంచుకొనవలెను.

ఈ విషయము మన కుటుంబములకు దూరమైనది కాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు చూడవచ్చిన తల్లిదండ్రులను కరీబియను యాత్రలకు తీసికొనిపోవుట నేడు సాధారణమైనది. 2022 జూనులో 'ఎంప్రెస్' అను విహారనౌక విశాఖపట్టణము రేవునుండియే ప్రయాణికులను తీసికొనిపోయినది. అట్టి యాత్రలో బింగో హాలులోనికి పోవలెనా, మానవలెనా యని సందేహించు పెద్దలకు మేము చెప్పదగినది ఇది. ముందుగా ఇంటిల్లిపాది కూర్చుండి ఆ యాత్రకు బింగో పద్దు ఇంత యని నిర్ణయించుకొనుడు. అది తిరిగిరాని సొమ్ము, నాటకపు టికెట్టువంటిదని ఎంచుడు. మనిషికొక్క కార్డు చాలును. పద్దు తీరిన పిదప, ఎన్ని 'ఒక్క అంకెలు' తప్పిపోయినను, లేచి బయటికి రండు. ఆ పద్దు పెట్టుకొనుటకు మనసొప్పనివారు ఆడకుండుటయే మేలు. వారికి సముద్రమును చూచుట ఉచితమే.

ఈ హద్దులో ఆడినచో బింగోలో మంచి లేకపోలేదు. చూపు మందగించిన తాతకు మనుమడు అంకె చూపును. మనుమడు వినని అంకెను అవ్వ వినును. పక్క బల్లవారి భాష తెలియకున్నను వారి నవ్వు తెలియును. వందలమంది ఒక్క గొంతు కొరకు నిశ్శబ్దముగా చెవియొగ్గి కూర్చుండుటలోని సుఖము రేడియో శ్రోతలకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఆ గంటకు ధర చెల్లించుచున్నామని తెలిసినవారికి బహుమతి వచ్చిన లాభమే, రాకున్న నష్టము లేదు.