నేలకు కూడా దుప్పటి కావాలి



ఈ నెల గోడ పత్రికకు నేను ఎంచుకున్న విషయం నేలను కప్పి ఉంచడం. దీన్ని పుస్తకాల్లో ఆచ్ఛాదన అంటారు. రైతులు మల్చింగ్ అని కూడా అంటారు. అంటే చెట్ల మొదళ్ళ చుట్టూ, మళ్ళల్లో మట్టి బయటికి కనపడకుండా ఎండుటాకులు, గడ్డి, తొక్కలు పరచడం. లేకుంటే నేల మీద పాకే మొక్కలు పెంచడం. మొదటిది ఎండు కప్పు, రెండోది పచ్చి కప్పు. రెండూ మన పెరట్లో చేసుకోవచ్చు. ఖర్చు ఏమీ లేదు.

ఇది మనకు ఎందుకు అంటారా? మన వంటింటి వెనక తోట ఉండాది కదా. వంగ, టమోటా, మునగ, కరివేపాకు, బొప్పాయి, అరిటి, ఆకుకూర మళ్ళు అన్నీ మనం వేసినవే. మార్చి నెల వస్తే బోరులో నీళ్ళు తగ్గిపోతాయి. తాగేదానికి, వంటకు, స్నానాలకు పోయినాకే తోటకు. చిన్న తరగతుల పిల్లలు బకెట్లు మోసి మోసి అలసిపోతారు. ఏప్రిల్ చివర సెలవులిస్తే మళ్ళీ జూన్ 12న బడి తెరిచేదాకా నీళ్ళు పోసేది వాచ్‌మన్ అన్న ఒక్కడే. మనం తిరిగి వచ్చేసరికి తోట సగం ఎండిపోయి ఉంటాది. వారం వారం ఐరన్ మాత్ర వేసుకుంటున్నాం కదా, ఆ ఐరన్ ఆకుకూరల్లో కూడా ఉంటుందని సైన్సు టీచర్ చెప్పారు. తోట ఎండితే మన పప్పులో ఆకు తగ్గుతుంది. అందుకే ఇది మన అందరి విషయం.

నేల ఎట్ల ఎండుతుంది?

మనం పోసిన నీళ్ళన్నీ చెట్టు తాగదు. ఎండ మట్టి మీద నేరుగా పడితే మట్టి కాగుతుంది. పైన ఉన్న తేమ ఆవిరై పోతుంది, గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. అప్పుడు కింది తేమ పైకి వస్తుంది, అది కూడా ఆవిరైపోతుంది. ఇట్ల రోజూ జరుగుతా ఉంటే వేర్ల దగ్గర ఏమీ మిగలదు. మట్టి మీద ఆకులు పరిస్తే ఎండ ఆకుల మీద పడుతుంది, మట్టి చల్లగా ఉంటాది. గాలి కూడా మట్టికి నేరుగా తగలదు.

వాన విషయం కూడా ఇట్లాంటిదే. మన వైపు ఎక్కువగా ఎర్ర నేలలు. పెద్ద చినుకు వట్టి మట్టి మీద గట్టిగా పడితే మట్టి చిదిరి, సన్న పొడి నీళ్ళతో కలిసి నేలలోని చిన్న చిన్న రంధ్రాలను మూసేస్తుంది. ఎండినాక పైన పెచ్చు కడుతుంది. తర్వాత పడిన నీళ్ళు లోపలికి దిగవు, మట్టిని తీసుకుని పారిపోతాయి. 2021 నవంబరులో తిరుపతిలో కుండపోత వాన కురిసి వీధులు ఏరులైనాయి, స్వర్ణముఖి పొంగింది. అంత వానకు ఎర్ర మట్టి ఎంత కొట్టుకుపోయి ఉంటుందో ఆలోచించండి. ఆకుల కప్పు ఉంటే చినుకు దెబ్బ ఆకులు తింటాయి. నీళ్ళు మెల్లగా లోపలికి ఇంకుతాయి.

ఇంకో లాభం కలుపు తగ్గడం. కలుపు గింజ మొలిచినాక దానికి వెలుగు కావాలి. కప్పు కింద చీకటిగా ఉంటే గింజలో దాచుకున్న ఆహారం అయిపోయి చాలా మొలకలు చచ్చిపోతాయి. ఇంకా ఆకులు మెల్లగా కుళ్ళి ఎరువు అవుతాయి. వానపాములు ఆ చల్లదనానికి పైకి వచ్చి ఆకును తిని మట్టిని గుల్ల చేస్తాయి.

అడవిని చూడండి

మన శేషాచలం అడవిని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. తలకోన వైపు పోయినవాళ్ళు చూసి ఉంటారు. అక్కడ ఎవరూ నీళ్ళు పోయరు, ఎరువు వేయరు. ఎండలు ముదిరే ముందు ఎర్రచందనం, ఇంకా చాలా చెట్లు ఆకు రాలుస్తాయి. ఆకు లేకుంటే చెట్టుకు నీళ్ళ ఖర్చు తక్కువ. రాలిన ఆకు నేలకు దుప్పటి అవుతుంది. అక్కడ పరక పట్టి ఊడ్చేవాళ్ళు లేరు కాబట్టే ఆ దుప్పటి నిలిచి ఉంటాది. ఆకుల పొరను కాలితో పక్కకు తోస్తే కింద మట్టి నల్లగా, మెత్తగా ఉంటుంది.

మీరే చేసి చూడండి

నేను చెప్పింది నమ్మక్కరలేదు. ఒకే ఎండ తగిలే రెండు చిన్న మళ్ళు తీసుకోండి. రెండింటికీ ఒక్కొక్క బకెట్ నీళ్ళు పోయండి. ఒకదాని మీద నాలుగు వేళ్ళ మందం ఎండుటాకులు పరవండి. రెండోది అట్లనే వదిలేయండి. రోజూ మధ్యాహ్నం రెండింటి మీద చెయ్యి పెట్టి వేడి చూడండి. నాలుగో రోజు వేలు లోపలికి గుచ్చి చూడండి. మా గదివాళ్ళం వంగ మళ్ళ దగ్గర ఇట్ల చేశాం. నాలుగో రోజు వట్టి మట్టిలో వేలు దిగలేదు. ఆకులు కప్పినచోట వేలు సగం దిగింది, వేలికి తడి అంటుకుంది.

ఏమి కప్పాలి?

మన ఆవరణలో మామిడి, వేప, కానుగ, చింత చెట్లు ఉండాయి. వీటి ఆకులన్నీ పనికి వస్తాయి. మామిడాకు మందం కాబట్టి తొందరగా కుళ్ళదు, జాస్తి రోజులు ఉంటాది. కానుగాకు తొందరగా కుళ్ళి మంచి ఎరువు అవుతుంది. అరిటి గెల కోసినాక బోదెను ముక్కలు చేసి పరిస్తే దాంట్లోని నీళ్ళు కూడా చెట్టుకే అందుతాయి. టెంకాయ పీచు కూడా మంచిదే.

చెనక్కాయ తొక్కలు మన జిల్లాలో దొరకనిచోటు లేదు. అవి రెండు వేళ్ళ మందం చాలు. కానీ మట్టిలో కలపకూడదు, పైనే ఉంచాలి. ఎందుకంటే గట్టి తొక్కను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. మట్టిలో కలిపితే అవి మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి, అప్పుడు మొక్క ఆకులు పసుపుబారుతాయి.

చెనక్కాయ కట్టె, వరిగడ్డి పశువుల మేత. వాటిని మనం అడగకూడదు.

కప్పకూడనివి కూడా ఉన్నాయి. గింజ పట్టిన వయ్యారిభామ, గడ్డలతో పీకిన తుంగ వేస్తే మనమే కలుపు నాటినట్టు. తుమ్మ కొమ్మల ముళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటాయి. నీలగిరి ఆకు వేస్తే చిన్న మొక్కలు సరిగా పెరగవు. ప్లాస్టిక్ కవర్లు వద్దు. అన్నం మెతుకులు అసలు వద్దు, ఎందుకో కింద చెప్తాను.

మదనపల్లె వైపు టమోటా రైతులు మడవల మీద ప్లాస్టిక్ షీటు పరుస్తారు. దానివల్ల నీళ్ళు మిగులుతాయి, కలుపు రాదు, అది నిజమే. కానీ అది ఎరువు కాదు, వానపాముకు తిండి కాదు. చినిగిన ముక్కలు నేలలో ఉండిపోతాయి. మనలాంటి చిన్న తోటకు ఆకులే మేలు.

ఎట్ల కప్పాలి?

1. ముందు కలుపు తీసి, తొలికతో మట్టి రవంత గుల్ల చేయాలి.

2. నీళ్ళు బాగా పోసినాకే కప్పాలి. ఎండిన నేల మీద కప్పితే చిన్న వాన నీళ్ళు ఆకుల్లోనే ఆగిపోతాయి.

3. ఆకులు నాలుగు వేళ్ళ మందం పరవాలి. కుప్పలాగా పోయరాదు.

4. చెట్టు మొదలుకు తగలకుండా జానెడు దూరం వదలాలి. చిన్న మొక్కలకైతే నాలుగు వేళ్ళు. తగిలితే కాండం కుళ్ళుతుంది.

5. తోటకూర, పాలకూర లాంటి సన్న గింజలు చల్లిన మడిని కప్పకూడదు. మొలిచి జానెడు పెరిగినాక సందుల్లో వేయాలి.

6. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానల్లో కప్పును పలచగా చేయాలి. లేకుంటే నత్తలు చేరతాయి.

పాకే మొక్కలు

ఆకులు ఒక్కొక్కసారి చాలవు. అప్పుడు మొక్కలతోనే నేలను కప్పవచ్చు. దీంట్లో ఇంకో లాభం, కప్పును తినవచ్చు కూడా.

గెనుసుగడ్డ తీగ ముక్క గుచ్చితే చాలు, అరిటి చెట్ల కింద నేలంతా అల్లుకుంటుంది. కింద గడ్డ, పైన కూరకు లేత ఆకు. అలసంద, ఉలవ వేస్తే వాటి వేర్లకు చిన్న చిన్న బుడిపెలు వస్తాయి. వాటిలో ఉండే రైజోబియం అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. ఉలవ తక్కువ నీళ్ళకు కూడా బతుకుతుంది. గుమ్మడి తీగకు జాగా జాస్తి కావాలి, దాన్ని గోడ మూలకు పెట్టాలి. పొన్నగంటికి తడి కావాలి, ప్లేట్లు కడిగే కొళాయి కాలువ పక్కన అది బాగా వస్తుంది. గంగపాయలాకు మందంగా ఉండి నీళ్ళు దాచుకుంటుంది. దాన్ని వేయకుండానే వస్తుంది, పీకి పారేయకుంటే చాలు.

మేము యానాదులం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. మా అవ్వకు చదువు రాదు, కానీ చెరువు గట్టు మీద ఏ ఆకు ఏ నెలలో వస్తుందో చెప్తాది. మనం కలుపు అని పీకేవాటిలో సగం పేర్లకు చివర ఆమె కూర అని చేర్చి పిలుస్తాది. అందుకే తోటలో కలుపు తీసేవాళ్ళు ముందు ఆకు చూసి, తినేదా కాదా తెలిసినవాళ్ళను అడిగి పీకండి. మీ ఇళ్ళల్లో కూడా అవ్వలు, అమ్మలు ఉన్నారు. సుగాలి అక్కలకు, ఎరుకల అక్కలకు వేరే ఆకులు తెలిసి ఉంటాయి. ఈ పత్రిక కింద కాగితం అంటిస్తాను, మీకు తెలిసిన పాకే ఆకుకూర పేరు దాంట్లో రాయండి.

ఒక జాగ్రత్త. పాకే తీగలను చిన్న మొక్కలను ఎక్కనివ్వకూడదు. వారానికి ఒకసారి తీగను పక్కకు తిప్పాలి.

పాములు, తేళ్ళు రావా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. ఆకులు ఉంటే పురుగూ పుట్రా చేరుతుందనే ఆవరణ అంతా ఊడ్పిస్తారు. ఆ భయం తప్పు కాదు. మా మామ పాములు పడతాడు. పాము ఆకుల కోసం రాదు, ఎలుక కోసం, కప్ప కోసం వస్తుంది అంటాడు. ఎలుక మెతుకుల కోసం వస్తుంది. అందుకే తోటలో అన్నం పారేయకూడదు. ఎత్తైన కుప్పల్లో, రాళ్ళ సందుల్లో, కట్టెల మోపుల్లో దాగేదానికి చోటు ఉంటుంది. నాలుగు వేళ్ళ పలచని పొరలో అంత చోటు ఉండదు, కానీ తేలు ఉండవచ్చు. కాబట్టి ఇవి పాటించాలి.

గదుల గోడలకు, బాత్రూం దారికి రెండు బారల దూరంలోపు ఆకులు పరవకూడదు. అక్కడ ఊడ్చిన నేలే మంచిది. ఆకుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపాలి. చెప్పులు లేకుండా తోటలోకి పోకూడదు. చీకటి పడినాక అసలు పోకూడదు. ఒకవేళ పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం చేయకుండా, కదలకుండా పడుకోబెట్టి 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. విషానికి మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుంది.

చెదల సంగతి కూడా చెప్పాలి. చెదలు ఎండు ఆకును తింటాయి. తలుపులు, కిటికీల చెక్కలకు దూరంగా కప్పాలి. వంటింటి పొయ్యి వెనక కూడా ఎండుటాకు ఉంచకూడదు, నిప్పు భయం.

వేరే చోట్ల ఏం చేస్తున్నారు?

జపాన్‌లో మసనోబు ఫుకువోకా అనే రైతు ఉండేవారు. ఆయన పొలం దున్నకుండా, కోసిన గడ్డిని తిరిగి పొలం మీదే చల్లి, నేల మీద క్లోవర్ అనే పాకే మొక్క పెంచి వరి పండించారు. 1975లో దాని మీద పుస్తకం రాశారు. 1988లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ గారు చెప్పే వ్యవసాయంలో బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాఫస అని నాలుగు ముఖ్యం. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నేర్పిస్తోంది. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాదంతా పచ్చగా కప్పి ఉంచాలని చెప్తారు. ఈ పనికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. దాన్ని ఇంకో ఇద్దరితో కలిసి పంచుకున్నారు. మన ఊళ్ళల్లో ముసలివాళ్ళు చెనక్కాయలో కంది, అలసంద కలిపి వేసేది కూడా నేలను కప్పేదానికి పనికి వచ్చేదే.

మేడమ్ గారికి మనవి

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఊడ్చిన కసువును వంటింటి వెనక కాలుస్తున్నాం. ఆ పొగకు ఆస్తమా ఉన్న పిల్లలు దగ్గుతారు. నీళ్ళను కాపాడే ఆకును మనమే కాల్చి, మళ్ళీ బకెట్లు మోస్తున్నాం. అందుకే మూడు సంగతులు అడుగుతున్నాం.

ఒకటి, ఆకులను కాల్చకుండా ప్లాస్టిక్ ఏరేసి తోటకు ఇప్పించండి. ఊడ్చే వంతు వచ్చిన గదివాళ్ళే తట్టలతో మోస్తారు.

రెండు, చేతులు కడిగిన నీళ్ళు అరిటి, బొప్పాయి పాదుల్లోకి పోయేటట్టు చిన్న కాలువ తీయనివ్వండి. పార ఒకటి చాలు.

మూడు, ఫిబ్రవరి లోపలే అన్ని పాదులూ కప్పనివ్వండి. సెలవుల్లో ఆకుకూరలు నిలవవు, అది మాకు తెలుసు. కానీ మునగ, కరివేపాకు, అరిటి, బొప్పాయి పాదులకు మందంగా కప్పి పెడితే వాచ్‌మన్ అన్న రోజూ మోయక్కరలేకుండా, మూడు నాలుగు రోజులకు ఒకసారి పోసినా బతికే అవకాశం ఉంటాది.

మొదట ఒక్క వంగ మడి, ఒక్క అరిటి పాది ఇస్తే చాలు. తేలు కనపడినా, చెదలు పట్టినా మేమే తీసి శుభ్రం చేస్తాం. బాగుంటే మిగతావి చేద్దాం. ఈ పనికి రావాలనుకునే వాళ్ళు శనివారం సాయంత్రం ఆటల గంటలో మునగ చెట్టు దగ్గరికి చెప్పులు వేసుకుని, ఒక కర్ర తీసుకుని రండి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని