ఇంగ్లండ్‌కు ఇంగ్లిష్ మీడియం వచ్చిన వేళ

జాన్ ట్రెవీసా అనే ఇంగ్లండ్ మతగురువు 1385లో ఒక లాటిన్ చరిత్ర గ్రంథాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదిస్తూ, మధ్యలో తన కాలం గురించి నాలుగు మాటలు చేర్చాడు. దేశంలోని బడుల్లో పిల్లలు ఫ్రెంచిని వదిలేసి ఇంగ్లిష్‌లోనే పాఠాలు నేర్చుకుంటున్నారని, జాన్ కార్న్‌వాల్ అనే ఉపాధ్యాయుడు ఈ పద్ధతికి నాంది పలికాడని రాశాడు. లాభనష్టాలూ బేరీజు వేశాడు. పిల్లలకు లాటిన్ వ్యాకరణం తొందరగా పట్టుబడుతోంది. కానీ ఫ్రెంచి బొత్తిగా రాదు కనుక రేపు సముద్రం దాటి వెళ్తే అవస్థ పడతారు!

అప్పటికి ఇంగ్లిష్ ఆ నేల మీద తొమ్మిది వందల ఏళ్లుగా ఉంది. రోమన్ల పాలన ముగిశాక, 5వ శతాబ్దంలో ఇప్పటి డెన్మార్క్, ఉత్తర జర్మనీ తీరాల నుంచి ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు తెచ్చుకున్న భాష అది. 9వ శతాబ్దం చివర్లో ఆల్ఫ్రెడ్ రాజు లాటిన్ గ్రంథాలను అందులోకి అనువదింపజేశాడు. ఉత్తరాదిన స్థిరపడిన వైకింగులు ‘దే’, ‘దెమ్’ లాంటి సర్వనామాలను కూడా దానికి ఇచ్చారు. ఇరుగుపొరుగున కాపురాలు చేసి, వియ్యమందితే తప్ప సర్వనామాలు చేతులు మారవు.

1066లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ నుంచి డ్యూక్ విలియం దండెత్తి వచ్చి, హేస్టింగ్స్ దగ్గర గెలిచాడు. భూములు, బిషప్ పదవులు నార్మన్ల పాలయ్యాయి. దొరలు మాట్లాడేది ఫ్రెంచి, చర్చి రాసేది లాటిన్. పీటర్‌బరో మఠంలో ఇంగ్లిష్‌లో రాస్తూ వచ్చిన చరిత్ర 1154తో ఆగిపోయింది. ఇక ఇంగ్లిష్‌కు దిక్కు రైతులు, పనివాళ్లు, పిల్లల తల్లులే. నా దృష్టిలో ఆ భాషను నేటి రూపానికి తెచ్చిన కాలం ఇదే. తప్పులు దిద్దే పండితులు లేరు. నామవాచకాల మూడు లింగాలు, విభక్తి ప్రత్యయాలు జనం నోట్లో అరిగిపోయాయి. వైకింగులతో కలిసి బతికిన ఉత్తరాదిన ముందే మొదలైన ఈ మార్పుకు ఇప్పుడు అడ్డుచెప్పేవాళ్లు కరువయ్యారు. వాక్యంలో పదాల వరుసే అర్థం చెప్పసాగింది.

1204లో జాన్ రాజు నార్మండీని పోగొట్టుకోవడంతో దొరలకు అవతలి తీరంతో బంధం పలచబడింది. 1348లో వచ్చిన ప్లేగు జనాభాలో కనీసం మూడో వంతును పొట్టన పెట్టుకుంది. మిగిలిన కూలీల రెక్కలకు, వాళ్లతోపాటే వాళ్ల మాటకు విలువ పెరిగింది. 1362లో కోర్టు వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని చట్టం వచ్చింది. జనానికి ఫ్రెంచి తెలియడం లేదన్నదే కారణం. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలోనే. రాజు కొలువులో పనిచేసిన ఛాసర్ కవిత్వానికి ఇంగ్లిష్‌ను ఎంచుకున్నదీ ఆ తరంలోనే.

1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టాడు. ఉచ్చారణ ఇంకా మారుతుండగానే స్పెల్లింగులు క్రమంగా పుస్తకాల్లో గట్టిపడ్డాయి. యోధుడనే అర్థంలో ‘నైట్’ రాసేటప్పుడు మన పిల్లలు బట్టీపట్టే కె, జి, హెచ్ ఒకప్పుడు పలికిన అక్షరాలే.

న్యాయస్థానాలు మాత్రం పాత అలవాటును అంత తేలిగ్గా వదల్లేదు. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టేనాటికి ఇంగ్లండ్ కోర్టుల రికార్డులు లాటిన్‌లోనే ఉన్నాయి. 1733లో గానీ అవి పూర్తిగా ఇంగ్లిష్‌కు మారలేదు. ఆ కోర్టుల పదజాలమే కంపెనీ వెంట మన దాకా వచ్చింది. జడ్జి, అప్పీలు, బెయిలు, వారంటు, పిటిషను: పొలం తగాదాతో కోర్టుకెక్కిన మన రైతు పలికే ఈ మాటలన్నీ నార్మన్ దొరల ఫ్రెంచి వారసత్వమే.