రెండు మందులు, ఒక పరీక్ష: కో-ట్రైమాక్సజోల్ కథ

వ్యాధికారకమైన బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో ప్రయోగశాలలో పరీక్షించి తెలుసుకొనుట వైద్యునికి ఎంతో సహాయకారి. రెండు మందులు కలిసిన ఔషధాన్ని పరీక్షించునపుడు కొన్ని మెలకువలు అవసరం. సెప్ట్రాన్ అనే పేరుతో మన మందుల దుకాణాలలో పరిచితమైన కో-ట్రైమాక్సజోల్‌ను ఉదాహరణగా తీసుకొని వాటిని వివరింపదలచాము.

ఫోలిక్ ఆమ్లం లేనిదే జీవకణం వృద్ధి చెందదు. మనం దానిని ఆకుకూరలు, పప్పుల నుండి పొందుతాము. బాక్టీరియాలలో అనేకం దానిని స్వయంగా తయారుచేసుకొంటాయి. మనకు పొరుగుననే ఉన్న భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వాన, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయం 1945లో ఈ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బాక్టీరియాలోని ఆ తయారీ మార్గాన్నే మన ఔషధం అడ్డగిస్తుంది. సల్ఫామెథాక్సజోల్ ఎగువన, ట్రైమెథోప్రిమ్ దిగువన ఆపుతాయి. ఒకే కాలువపై రెండు లాకులు మూసినట్లన్నమాట.

1966లో బాయర్, కిర్బీ ప్రభృతులు ప్రకటించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది. ముల్లర్-హింటన్ అగార్ అనే యానకాన్ని పళ్ళెంలో 4 మిల్లీమీటర్ల మందాన పోసి, దానిపై బాక్టీరియాను దూదిపుల్లతో సమంగా పూస్తారు. మందు పట్టించిన కాగితపు బిళ్ళను ఉంచి, 35 డిగ్రీల సెల్సియస్ వద్ద 16 నుండి 18 గంటలు నిలువ ఉంచుతారు. మందు పనిచేసినచోట బాక్టీరియా పెరగక, బిళ్ళ చుట్టూ వలయం ఏర్పడుతుంది. ఈ.కోలై వంటి పేగు బాక్టీరియాలలో వలయం వ్యాసం 16 మిల్లీమీటర్లు లేక అంతకు మించితే లొంగినట్లు, 10 లేక అంతకు తగ్గితే ఎదిరించినట్లు, నడుమ ఉంటే మధ్యస్థమని లెక్క.

మ్రింగే మాత్రలో ట్రైమెథోప్రిమ్ 80, సల్ఫామెథాక్సజోల్ 400 మిల్లీగ్రాములు, అనగా 1:5 పాలు. ట్రైమెథోప్రిమ్ శరీర ధాతువులలోనికి ఎక్కువగా వ్యాపించుటచే రక్తంలో ఆ పాలు సుమారు 1:20 అవుతుంది. కనుక పరీక్ష బిళ్ళలో 1.25, 23.75 మైక్రోగ్రాములు, అనగా 1:19 ఉంచుతారు. పరీక్ష అనుసరించేది మాత్రను కాదు, రోగి రక్తాన్ని.

మరొక చిక్కు ఉన్నది. యానకంలో థైమిడిన్ అధికమైతే, లాకులు మూసినా పిల్లకాలువ గుండా నీరు పారినట్లు, బాక్టీరియా దానిని గ్రహించి పెరుగుతుంది. పనిచేసే మందు కూడ పనికిరానిదిగా తోస్తుంది. అందుచే ఫలితం ముందే తెలిసిన ప్రామాణిక బాక్టీరియాతో యానకాన్ని సరిచూస్తారు. మందు పనిచేయుటకు ముందు బాక్టీరియా కొన్ని తరాలు పెరుగవచ్చును. కావున వలయంలోని పలుచని పెరుగుదలను విడిచి, స్పష్టమైన అంచునే కొలుస్తారు.

ఇంత శ్రద్ధతో చేసిన పరీక్షనైనా మన తొందరపాటు వ్యర్థం చేయగలదు. మూత్రవ్యాధి సోకినపుడు మొదటి మాత్ర వేసికొనుటకు ముందే నమూనా ఇవ్వాలి. మందు పడిన పిదప బాక్టీరియా పెరగకపోవచ్చును. బంటుమిల్లి నుండి మచిలీపట్నమో గుడివాడో పంపవలసివచ్చి రెండు గంటలు దాటేటట్లయితే, నమూనాను చల్లగా భద్రపరచాలి. ఫలితానికి సాధారణంగా రెండు రోజులు పడుతుంది. అప్పటివరకు ఏ మందు వాడవలెనో నిర్ణయించవలసినవాడు వైద్యుడే గాని, దుకాణదారుడో ఇరుగుపొరుగువారో కాదు. విద్యార్థులు ఈ మాటను తమ ఇండ్లలో చెప్పగలిగితే ఈ వ్యాసం సార్థకమైనట్లే భావిస్తాము.