‘సత్య’ చిత్రం – ప్రేక్షకుల తీర్పు

ఒక చలనచిత్రాన్ని గురించి పదిమంది పదివిధాలుగా చెప్పుట వింత కాదు. కాని ఒకే చిత్రాన్ని చూచి ఒకరు “ఇది నిజం” అని మెచ్చుకొనుట, మరొకరు “నిజంలా ఉన్నది కనుకనే ప్రమాదం” అని కలవరపడుట అరుదు. 1998వ సంవత్సరం జూలై 3వ తేదీన విడుదలైన ‘సత్య’ అనే హిందీ చిత్రం అటువంటిది. దాని దర్శకుడు రామ్ గోపాల్ వర్మ తెలుగువాడు. సత్య పాత్రను ధరించిన జె. డి. చక్రవర్తి తెలుగువాడు. కథ మాత్రం బొంబాయి నగరంలోని నేరస్థుల ముఠాలకు సంబంధించినది. 2025 జనవరిలో ఈ చిత్రం మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు పాత చర్చ తిరిగి మొదలైనది. ఆ తరువాత పనిమీద కామారెడ్డికి, ఎల్లారెడ్డికి పోయినప్పుడు, దానిని చూచిన కొందరితో ముచ్చటించే అవకాశం నాకు కలిగినది. వారి అభిప్రాయాలు ఎందుకు చీలినవో, ఆ చీలికలో మనం గ్రహించవలసినది ఏమున్నదో ఈ ప్రసంగంలో ఆలోచిద్దాము.

చిత్రం చూడని శ్రోతల కొరకు ముందుగా కథ. సత్య అనే యువకుడు పని వెతుకుకొంటూ బొంబాయికి వస్తాడు. వాని ఊరేదో, వెనుక ఎవరున్నారో చిత్రం చెప్పదు. ఒక బారులో పనికి కుదిరి, అక్కడి రౌడీతో విరోధం వచ్చి, చేయని నేరానికి జైలు పాలవుతాడు. జైలులో భీకు మాత్రే అనే ముఠా నాయకునితో తలపడతాడు. వీని తెగువకు మెచ్చి భీకు వీనిని విడిపించి, ఇల్లు చూపించి, తన ముఠాలో చేర్చుకొంటాడు. పొరుగింటి విద్య పాటలు పాడి పైకి రావలెనని ఆశపడే అమ్మాయి. సత్య ఆమెను ప్రేమిస్తాడు గాని తాను చేసే పని ఆమెకు చెప్పడు. తరువాత వరుసగా హత్యలు. చివరకు భీకు తాను నమ్మిన రాజకీయ నాయకుని చేతనే చస్తాడు. వినాయక నిమజ్జనం నాడు సముద్రతీరంలో సత్య ఆ నాయకుని చంపి, విద్య ఇంటి వాకిట ప్రాణం విడుస్తాడు.

మాఫియా అనే మాట ఇటలీ దేశపు సిసిలీ ద్వీపం నుండి వచ్చినది. భయపెట్టి డబ్బు గుంజుట, ఆ డబ్బుతో అధికారాన్ని కొనుట, ఎదురు చెప్పినవానిని తొలగించుట, ఇదీ ఎక్కడనైనా దాని పద్ధతి. మన ఊళ్ళలో రౌడీ మామూలు అనేదానిని బొంబాయిలో హఫ్తా అంటారు. ‘సత్య’ నిర్మాణం సాగిన కాలంలో ఇది కేవలం కథ కాదు. 1997 ఆగస్టు 12వ తేదీన సంగీత వ్యాపారి గుల్షన్ కుమార్‌ను అంధేరీ ప్రాంతంలో ఒక గుడి వెలుపల పట్టపగలు కాల్చి చంపినారు. అందుచేత చిత్రంలోని తుపాకి మోత నాటి బొంబాయి ప్రేక్షకులకు పత్రికలో నిన్న చదివిన వార్తవలె వినిపించినది.

ఇక చిత్రానికైన ఖర్చు. సుమారు 2 కోట్ల రూపాయలని చెబుతారు. నాటి హిందీ చిత్రాల లెక్కలో ఇది స్వల్పం. ఊర్మిళా మాతోండ్కర్ తప్ప జనాన్ని థియేటరుకు రప్పించగల పెద్ద తారలు ఇందులో లేరు. భీకు పాత్రధారి మనోజ్ బాజ్‌పాయీ, అనురాగ్ కశ్యప్‌తో కలిసి రచన చేసి కల్లూ మామ పాత్ర ధరించిన సౌరభ్ శుక్లా, ఇరువురూ ఢిల్లీ రంగస్థలం నుండి వచ్చినవారు. డబ్బు తక్కువైనప్పుడు పెద్ద సెట్టు వేయలేరు. నిజమైన వీధికే పోవలసి వస్తుంది. అక్కడ వాన కురిస్తే వానలోనే, గది ఇరుకైతే ఇరుకులోనే చిత్రీకరణ జరగవలె. ఆ లోటే ఈ చిత్రానికి బలమైనది. ముఠా నాయకుడు పాలరాతి మేడలో గాక, భార్యతో తగవులాడుతూ, పిల్లలను లాలిస్తూ, మామూలు ఇంటిలో కనబడతాడు. మనోజ్ బాజ్‌పాయీకి ఉత్తమ సహాయనటునిగా జాతీయ పురస్కారం లభించినది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలకు బొంబాయి దూరపు నగరం కాదు. కామాటిపురా పేరులోని కామాటీలు మన తెలుగు నేల నుండి పోయిన కూలీలే. భివండీ మరమగ్గాలమీద తెలంగాణ నేతగాండ్రు తరాలుగా బ్రతుకుతున్నారు. గల్ఫు దేశాలకు పోయే పల్లె యువకులెందరో మొదట దిగినది బొంబాయిలోనే. అందుచేత ఈ చిత్రం తొలి దృశ్యం, రైలు దిగి జనంలో కలిసిపోయే ఒంటరి యువకుడు, ఇక్కడివారికి పరిచితుడే.

కామారెడ్డిలో మోటారు మెకానికుగా ఉన్న ఒక యువకుడు ఈ చిత్రాన్ని ఫోనులో ఎన్నోసార్లు చూచినాడట. భీకు సముద్రం ఒడ్డున రాతిమీద నిలబడి, ఈ నగరానికి రాజెవరని అరిచే దృశ్యం అతనికి కంఠస్థం. “హీరో లెక్క గాల్లో ఎగరడు సార్. మనోని లెక్కనే ఉంటడు. అందుకే నచ్చిండు” అన్నాడు.

ఈ మాటనే ఎల్లారెడ్డిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు దోషంగా చెప్పినారు. 1975 నాటి ‘షోలే’లో గబ్బర్ సింగ్ మాటలు పిల్లలు వల్లించినారు గాని, వాడు మన ఇంటివాడని ఎవరూ అనుకోలేదు, భీకును మాత్రం అన్నవలె ప్రేమించినారు, ఇదే ప్రమాదమని వారి వాదం. “రాక్షసుడు రాక్షసునివలె కనబడితే పిల్లవాడు జాగ్రత్తపడతాడు. స్నేహితునివలె కనబడితే ఎట్లా?” అని వారు నన్నడిగినారు.

భివండీలో చాలా ఏండ్లు మగ్గం నడిపి తిరిగివచ్చిన ఒక పెద్దమనిషి ఈ ఇద్దరి మాటా ఒప్పుకోలేదు. “పరాయి ఊర్ల జైలుకు పోయినోనికి చేయి ఎవడిస్తడు బిడ్డా? సర్కారు ఇయ్యకపాయె, చుట్టం ఇయ్యకపాయె. భీకు ఇచ్చిండు. ఆడికెల్లి ఇంక వాడు చెప్పిందే చేసుడు” అన్నాడు. ముఠాలు ఎట్లా పెరుగుతవో ఇంతకంటె స్పష్టంగా చెప్పుట కష్టం. దిక్కులేనివానికి మొదట అందిన చేయి ఎవరిదైతే, వాని బ్రతుకు వారి వశమవుతుంది. ఈ దృష్టితో చూస్తే ‘సత్య’ వలస పోయినవాని కథ కూడా.

ఈ మూడు అభిప్రాయాలను పక్కపక్కన ఉంచి చూడండి. ముగ్గురూ మాట్లాడుతున్నది ఒకే గుణాన్ని గురించి: దగ్గరితనం. యువకునికి అది ఆకర్షణ. ఉపాధ్యాయునికి అది ప్రమాదం. వలసవానికి అది అనుభవం. చిత్రాలను చూచి ఎవరైనా నేరస్థులవుతారా అని మనం వాదించుకొంటాము. ఆ ప్రశ్నకు ఒక చిత్రాన్ని పట్టుకొని జవాబు చెప్పలేము. మనం పరీక్షించుకోగలిగినది మరొకటున్నది: చిత్రం చూస్తున్నంతసేపు మన జాలి ఎవరివైపు పోయినది, ఎవరిని విడిచిపోయినది?

ఈ ప్రశ్న నాకు తోచినది కాదు. కామారెడ్డిలో బీడీలు చుట్టే ఒక తల్లి నాకు వేసినది. ఆమె కొడుకు బొంబాయిలో పనిచేస్తున్నాడు. చిత్రంలో సత్య విద్యను వెంటబెట్టుకొని సినిమాకు పోతాడు. పాత విరోధి ఒకడు అతనిని గుర్తుపట్టి పోలీసులకు చెబుతాడు. పోలీసులు తలుపులు మూయించగా, తప్పించుకొనుటకు సత్య తుపాకి పేలుస్తాడు. భయపడిన జనం తలుపులమీద పడుటతో తొక్కిసలాట జరిగి కొందరు చనిపోతారు. ఈ దృశ్యం గుర్తుచేసి ఆమె అన్నది: “భీకు సచ్చిపోతే అందరు ఏడ్చిండ్రు. గా తొక్కుడుల సచ్చినోళ్ళ పేర్లన్న తెలుసా సారూ మీకు?”

నాకు తెలియదు. ఆ చిత్రాన్ని మూడుసార్లు చూచినవాడను. చనిపోయినవారిలో ఒక్కరి ముఖమైనా నాకు జ్ఞాపకం లేదు. అంతకంటె, అక్కడ పడిపోయినవారు టికెట్టు కొని, కుర్చీలలో కూర్చొని, మావలెనే సినిమా చూస్తున్నవారు! మా థియేటరులో మేము చూస్తున్నది మా వంటి ప్రేక్షకుల చావునే. అయినా ఆ క్షణాన మా ఆత్రం అంతా సత్య తప్పించుకొంటాడా లేదా అనియే.

ఇది దర్శకుని దోషమా, ప్రేక్షకుని దోషమా? దర్శకుడు ఆ దృశ్యాన్ని దాచలేదు. సత్య ఎటువంటివాడో విద్యకు తెలిసివచ్చేది ఆ తొక్కిసలాట వల్లనే. ప్రేమకథ విరిగిపోయేది అక్కడనే. అందుచేత ఈ చిత్రం హింసను పొగిడినదనుట న్యాయం కాదు. కాని వారిని పేరులేని గుంపుగానే చూపించినదనుట న్యాయమే. కెమెరా ఎవరి వెంట నడిస్తే మన మనసు వారి వెంట నడుస్తుంది. ఆ సంగతి తెలిసికొన్న ప్రేక్షకుడు భీకు కొరకు కంటతడి పెట్టినా, అతని పనులకు బానిస కానక్కరలేదు.

ఆమెను సెలవు అడిగేటప్పుడు, కొడుకుతో ఈ చిత్రాన్ని గురించి ఎప్పుడైనా మాట్లాడినావా అమ్మా అని అడిగినాను. “మాట్లాడిన” అన్నది. “ఎవడన్న ఊకెనే మంచిగ చూస్తే, ఎందుకు చూస్తుండో అడుగు బిడ్డా అన్న” అని, చేతిలోని బీడీకి దారం చుట్టి తట్టలో వేసినది.